కదలని గీత

నేలమాళిగ గది,
శుక్రవారం మధ్యాహ్నం.

పూజ్యురాలైన వదినగారి సముఖానికి,

మీ ఆడపడుచు నమస్కరించి రాయడమేమంటే, ఇక్కడ నేను, రెండు పంపులు, ఒక చలిపెట్టె క్షేమంగా ఉన్నాం. అక్కడ మీరూ మా అన్నయ్యా కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను.

ఈపాటికి నువ్వు మూతి తిప్పే ఉంటావు. తిప్పుకో. మూడేళ్ళుగా మాటల్లేని మనిషికి ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక మీరూ గీరూ అని ఎత్తుకున్నాను. అది నా వల్ల కాదు. ఇక్కణ్ణించి నువ్వే. కోపమొస్తే చింపెయ్యి, కాకపోతే చివరిదాకా చదివి చింపు. ఊరికే కబుర్లకి రాయడం లేదు.

అయినా ముందు ఇంటి కబుర్లే చెబుతాను. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, నోరు మాత్రం ఇంకా బాగుంది. పోయినసారి అందరం కలిసినప్పుడు భోజనాల బల్ల దగ్గర నువ్వు అన్నయ్యతో, ఆవిడకి ఉప్పు కావాలేమో అడగండి అన్నావు. నేను అన్నయ్యతో, అక్కర్లేదని చెప్పు అన్నాను. ఉప్పుగిన్నె మనిద్దరి మధ్యే ఉంది. మెడ అటూ ఇటూ తిప్పలేక పాపం చచ్చాడు. వీళ్ళిద్దరి మధ్యా పోస్టుమాన్ ఉద్యోగం నేను చెయ్యలేనే అని తర్వాత అమ్మ దగ్గర మొత్తుకున్నాడట. విని నవ్వాను, కాసేపటికి ఏడుపొచ్చింది. నేను మర్చిపోయిన గొడుగు ఇవ్వడానికని ఈ గదికి వచ్చి, ఆ తర్వాత చినుకు లేని రోజుల్లో కూడా గొడుగు పట్టుకుని దిగేవాడు చూడు, ఆ పెద్దమనిషికీ నీకూ పెళ్ళి కుదిర్చింది నేను. ఆ సంగతి మీరిద్దరూ హాయిగా మర్చిపోయారు.

మన ప్రయోగాల గది ఏమీ మారలేదు. మెట్లు దిగి ఇనప తలుపు తోస్తే అదే నూనె వాసన, అదే పంపుల రొద. గోడకి పెచ్చులూడిన చోట నువ్వు అంటించిన పాత కాలెండరు కాగితం ఇంకా ఉంది. నీ కుర్చీలో ఎవరెవరో కూర్చున్నారు, పట్టాలు పుచ్చుకుని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. నేను మాత్రం కుక్కిన పేనులా ఇక్కడే పడున్నాను. చలిపెట్టెని వదిలి వెళ్ళడానికి లేదు. వెళతానంటే మన పెద్దాయన, అంటే మన ప్రొఫెసర్, నువ్వు లేకపోతే దాన్ని ఎవరు చూస్తారమ్మా అంటాడు, నెత్తిమీద చెయ్యి పెట్టి దీవిస్తున్నట్టు. ప్రతి ఏడూ ఇంకొక్క ప్రయోగం అంటాడు. ఆ ఒక్కటీ అయ్యాక ఇంకొక్కటి. పాఠాలు చెప్పడానికి రమ్మన్న కాలేజీ ఒకటి నా పట్టా కోసం చూసి చూసి వేరేవాళ్ళని పెట్టుకుంది. ఇప్పుడు రెండో కాలేజీ అడుగుతోంది. వాళ్ళు కూడా ఎన్నాళ్ళని ఆగుతారు?

అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా, అసలు ఆ గదికి కిటికీ ఉందా అని అడుగుతుంది. ఉంది అంటాను. అబద్ధం కాదు. చలిపెట్టె లోపల గోరంత కిటికీ ఉందిగా, దాని మీదే కదా మనం అణువుల్ని గడ్డకట్టించేది. గదికి మాత్రం లేదు. బయట ఎండో వానో తెలియాలంటే మెట్ల మీద ఎవరి చెప్పుల చప్పుడు తడిగా ఉందో వినాలి.

ఈమధ్య మన పని ఏమిటో అమ్మకి అర్థమయ్యేలా చెప్పాను, నీకు ఈ ముచ్చట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. చీమ కుడితే మంట పెడుతుందే, ఆ ఆమ్లం ఆవిరిని ఆర్గాన్ అనే వాయువులో కలిపి ఘోరమైన చలిలో గడ్డకట్టిస్తాం అన్నాను. ఒక్కో అణువూ ఆ గడ్డలో ఇరుక్కుపోతుంది, అంగుళం కదల్లేదు. దాని చివర ఒక హైడ్రోజన్ ఒకవైపుకి తిరిగి ఉంటుంది. మేం దీపం వెలుగు కొట్టి దాన్ని రెండోవైపుకి తిప్పుతాం. మళ్ళీ తన చోటికి రావాలంటే మధ్యలో గట్టు దాటాలి. గట్టెక్కాలంటే వేడి కావాలి, ఆ చలిలో వేడి ఎక్కణ్ణించి వస్తుంది? మరి తిప్పిన చోటే ఉండిపోవాలి కదా. ఉండదమ్మా, కాసేపటికి చూస్తే మొదటివైపే ఉంటుంది అన్నాను.

గట్టెక్కిందా అంది అమ్మ. లేదన్నాను. గట్టుకి కన్నముందా అంది. లేదన్నాను. పోనీ ఎవరైనా ఎత్తి అటు పెట్టారా అంది. ఎవరూ లేరన్నాను. అయితే ఎలా వచ్చిందే అని విసుక్కుంది. అంత తేలికైన వస్తువుకి ఫలానా చోటే ఉన్నానని తేల్చి చెప్పుకోవడానికి ఉండదమ్మా, కాస్త ఇటూ కాస్త అటూ పరుచుకుని ఉంటుంది, గట్టు మరీ వెడల్పు కాకపోతే ఆ పరుచుకోవడంలోనే అవతల తేలుతుంది, దీన్నే టన్నెలింగ్ అంటారు అన్నాను. బరువు రెట్టింపైతే మాత్రం ఆ పరుచుకోవడం తగ్గిపోతుంది, అవతలికి చేరడం దాదాపు ఉండదు అని కూడా చెప్పాను. అమ్మ అంతా విని, అయితే నువ్వు కాస్త ఒళ్ళు తగ్గితే ఆ కొంపలోంచి బయటపడతావేమోనే అంది. మీ అత్తగారి సంగతి నీకు తెలియంది కాదు.

వదినా, ఆ హైడ్రోజన్ గట్టు దాటడం ఈ గదిలో మొదట చూసింది నువ్వు. తెర మీద, అది రెండోవైపుకి తిరిగిందనడానికి గుర్తుగా వచ్చే గీత లేచి నిలబడిందని, టీ తాగి వచ్చేసరికి పడిపోయిందని నా చెయ్యి పట్టుకుని గిరగిరా తిప్పేశావు. నేనప్పుడు చేరి ఏడాది కూడా కాలేదు, ఏమిటో తెలియకుండానే నీతో పాటు గంతులేశాను. పెద్దాయన నమ్మలేదు. ఈ గట్టు చాలా వెడల్పు, ఇక్కడ టన్నెలింగ్ జరగదు అని ఆయన పుస్తకంలో రాసుకున్నాడు మరి. నీ కిటికీ సరిగ్గా చల్లబడి ఉండదమ్మా, ఎక్కడో వేడి తగిలింది, ఇంకొకరి చేత చేయించి చూద్దాం అని నన్ను కూర్చోబెట్టాడు. నువ్వు నా వెనకే నిలబడ్డావు. టీ అయింది, భోజనం అయింది, గీత కదల్లేదు. సాయంత్రం మెట్ల మీద అందరి చెప్పుల చప్పుళ్ళూ పైకెళ్ళిపోయాయి, అప్పటికీ కదల్లేదు.

సరిగ్గా చేశావా అని నువ్వడిగావు. నాకేమో ముక్కు మీద కోపం. చూసింది చూసినట్టు చెబుతున్నాను, నువ్వే కలగన్నావేమో అన్నాను. మర్నాడు నువ్వు ఆయన గదిలోకి వెళ్ళి, నా ఫలితం తప్పు, కిటికీ చల్లబడలేదు అని రాసి సంతకం పెట్టి, బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయావు. నా బల్ల పక్కనుంచే వెళ్ళావు, తల తిప్పలేదు. ఇప్పుడు రంగుల ఫ్యాక్టరీలో డబ్బాలు తెరిచి నమూనాలు పరీక్షిస్తున్నావని అన్నయ్య చెబుతూ ఉంటాడు.

నా కోపం ఎందుకో చెప్పనా? నువ్వు తిట్టినందుకు కాదు, అసలు తిట్టనందుకు. బస్సులో కిటికీ సీటు కోసం అందరికీ వినపడేలా వాదించే మనిషివి, నీ పని తప్పని రాసిమ్మంటే నోట్లో నాలుక లేనిదానిలా రాసిచ్చేశావు. నన్ను ఈ గదిలో ఒంటరిగా వదిలేసి నీ పాటికి నువ్వు బయటపడ్డావు. అలాగే అనుకున్నాను ఇన్నాళ్ళూ. దాచుకోవడం ఎందుకు, ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇక అసలు సంగతి.

పోయిన వారం ఆవిరి వెళ్ళే ఉక్కు పైపు మలుపు దగ్గర కారడం మొదలుపెట్టింది. పంపులు చూసే ఆయన వచ్చి, ఇది అతుకు వేసినా నిలవదు మేడం అని కొత్తది బిగించి వెళ్ళాడు. కొత్త పైపు సరిగ్గా ఉందో లేదో చూడాలిగా, చేతికందిన చీమల ఆమ్లం సీసా తీసి వదిలాను. దీపం కొట్టాను, గీత లేచింది. టీ పోసుకుంటూ వెనక్కి చూశాను. గీత పడిపోతోంది. కప్పు పొంగి చెయ్యి కాలింది, కాలిందని కూడా తర్వాతే తెలిసింది. మళ్ళీ దీపం కొట్టాను. మళ్ళీ లేచింది, మళ్ళీ పడిపోయింది. కిటికీ చల్లదనం తిరగేసి మరగేసి చూశాను, ఏ తేడా లేదు. నువ్వుంటే బాగుండుననిపించింది వదినా, నా చెయ్యి పట్టుకుని తిప్పడానికి.

మారింది పైపు ఒక్కటే. నీ ప్రయోగానికీ నా ప్రయోగానికీ మధ్య ఏం జరిగిందో గుర్తు చేసుకో. ఎవరో అతిథులు వచ్చారని పెద్దాయన ఆ పైపులో భారజలం ఆవిరి వదిలించి చూపించాడు. రెట్టింపు బరువున్న హైడ్రోజన్ ఉండే నీళ్ళు! ఆ తడి పైపు లోపలి గోడలకి పట్టేసింది. తర్వాత నేను వదిలిన ఆమ్లం ఆ గోడల్ని రాసుకుంటూ వెళ్ళేటప్పుడు తన తేలిక హైడ్రోజన్ అక్కడ వదిలేసి బరువుది తగిలించుకుంది. సీసాలో నేను పోసింది ఒకటి, కిటికీ మీద గడ్డకట్టింది ఇంకొకటి. బరువుది గట్టు దాటదు. అందుకే నా గీత కదల్లేదు. ఆ తర్వాత ఈ గదిలో పనంతా బరువు హైడ్రోజన్ మీదే కాబట్టి పైపుకి ఆ తడి వదిలిందే లేదు.

మరి అప్పుడే ఎందుకు పట్టుకోలేదంటావు. ఎలా పట్టుకుంటాం చెప్పు? హైడ్రోజన్ బరువెక్కితే ఒక గీత ఉన్న చోటు వదిలి ఎక్కడికో వెళ్ళిపోతుంది, మొత్తం చూస్తే గుడ్డివాడికైనా తెలుస్తుంది. కానీ మన పరికరం గీతలుండే వెలుగు పట్టీలో ఒక్క సన్నటి ముక్కనే బాగా చూస్తుందని మిగతా భాగం చూడటం ఈ గదిలో అందరూ ఎప్పుడో మానేశారు. నేను చేరిన రోజున నాకు నేర్పిందే అది. ఆ ముక్కలో తేలికదీ బరువుదీ దాదాపు ఒకే చోట కూర్చుంటాయి. వెంట్రుకవాసి తేడా కనిపిస్తే, ఆ ఆర్గాన్ గడ్డ పెట్టే తకరారులే అని తోసేశాం. ఇలాంటి పొరపాటు చెయ్యాలన్నా మనలాంటి వాళ్ళకే సాధ్యం.

నిన్న పాత పైపు మలుపుకి బంకముద్ద పెట్టి మళ్ళీ బిగించాను. గీత లేచింది, ఇక పడదు. ఈసారి మిగతా భాగం కూడా చూశాను. బరువు హైడ్రోజన్ గీత అక్కడ దర్జాగా ఉంది. నువ్వు చెప్పింది నిజం వదినా. నువ్వు కలగనలేదు. నేను చేసిందీ తప్పు కాదు. ఇద్దరం చూసింది చూసినట్టే చెప్పాం, ఇద్దరి ముందూ ఉన్నవి మాత్రం వేర్వేరు.

ఇంత సంతోషం చెప్పి ఇప్పుడు ఏడుపు చెబుతున్నాను. సోమవారం నేను థీసిస్ ఇచ్చెయ్యాలి. పెద్దాయన ఎట్టకేలకు ఒప్పుకున్నాడు, సంతకం పెడతానన్నాడు. అందులో మూడో అధ్యాయం ఏమిటో తెలుసా? ఆ గీత కదలదు, కదిలిందన్నది పొరపాటు, ఆ పొరపాటు ఫలానావారిది అని. నీ సంతకం ఉన్న కాగితం కూడా చివర జతచేయించాడు. అది ఉంటే నేను బయటపడతాను, కాలేజీవాళ్ళు వచ్చే నెలలోనే రమ్మంటున్నారు, వాళ్ళ తరగతి గదికి రెండువైపులా కిటికీలున్నాయట. అది తీసేస్తానంటే ఆయన సంతకం పెట్టడు. నేనిక్కడే, ఈ పంపుల మధ్యే. మళ్ళీ ఇంకొక్క ప్రయోగం.

కక్కలేక మింగలేక ఉన్నాను. నిన్ను పొరపాటుదానివని ముద్ర వేసి నేను బయటికి నడవాలా? లేక నీ కోసం ఇక్కడే తలుపేసుకోవాలా, నువ్వు నాతో మాట్లాడను కూడా మాట్లాడవే! మూడేళ్ళ క్రితమైతే నీ దగ్గరకే పరిగెత్తుకొచ్చి అడిగేదాన్ని. ఎందుకు సంతకం పెట్టావు వదినా? నువ్వు పెట్టకుండా ఇద్దరం కలిసి ఆ పైపు విప్పి చూసుంటే ఇంతదాకా వచ్చేదా? ఆ ఒక్కటీ చెప్పు, మిగతాది నేను తేల్చుకుంటాను.

సోమవారం పొద్దున్నే ఆయన్ని కలిసి, ఆ తర్వాత ఈ ఉత్తరం డబ్బాలో వేస్తాను. అన్నయ్యని అడిగానని చెప్పు. చూశావా, మళ్ళీ కబురే పంపుతున్నాను.

ఇట్లు,
నీ ఆడపడుచు, ఒకప్పటి నీ పక్క కుర్చీ, ఎప్పటికీ నీ పెళ్ళిపెద్ద.

తా.క. సోమవారం. ఇప్పుడే ఆయన గదిలోంచి వచ్చాను. నిలబడే రాస్తున్నాను, అక్షరాలు కుదరకపోతే ఏమీ అనుకోకు.

రెండు గీతలూ ఆయన ముందు పెట్టాను. కళ్ళజోడు తీసి చాలాసేపు చూశాడు. బాగుందమ్మా, పట్టా వచ్చాక కొత్త ఫలితమని మనిద్దరి పేర్లతో వేద్దాం, పాత గొడవ తవ్వుకోవడం ఎందుకు, ఆ పైపు పారేయించెయ్ అన్నాడు. అది మా వదిన ఫలితమండీ, మూడో అధ్యాయం నేనివ్వను అన్నాను. ఆయనకి కోపం రాలేదు. నవ్వాడు. మీ వదిన నీకన్నా తెలివైన మనిషి అన్నాడు. ఆ రోజు ఆవిడా ఇలాగే నిలబడి వాదించిందట. ఒక గదిలో రెండు నిజాలు ఉండవమ్మా, నీది నిజమైతే మీ ఆడపడుచుకి పని చేతకాదని అర్థం, రేపే పంపించేస్తాను అని ఆయన ఆవిడతో అన్నాడట. నీ పేరెత్తగానే ఆవిడ మారుమాట లేకుండా కలం అడిగింది, నువ్వూ అలాగే నీ మంచి చూసుకో అని నాతో అన్నాడు. మెచ్చుకుంటున్నట్టే చెప్పాడు వదినా.

నేను ఇన్నాళ్ళూ కూర్చున్న కుర్చీ నువ్వు పెట్టిన సంతకమా? అన్నయ్యకి కూడా చెప్పలేదేమే! నా బల్ల పక్కనుంచి తల తిప్పకుండా వెళ్ళింది అందుకా? నేనేమో ఉప్పు అక్కర్లేదని అన్నయ్య చేత నీకు చెప్పించాను.

పైన రాసిన ప్రశ్న కొట్టెయ్యి. జవాబు దొరికింది. మూడో అధ్యాయం తీసేశాను. ఆయన సంతకం పెట్టలేదు. కాలేజీవాళ్ళకి ఇప్పట్లో కుదరదని చెప్పేశాను. పట్టా ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియదు. భయంగానే ఉంది.

పాత పైపు మాత్రం పారెయ్యలేదు. రెండు చివరలా మూతలు బిగించి నా బ్యాగులో బట్టల మధ్య పెట్టుకున్నాను. ఆదివారం తెస్తున్నాను. మీ ఫ్యాక్టరీ పరికరం మొత్తం చూస్తుందని అన్నయ్య అన్నాడు. నీ చేత్తో నువ్వే చూడు, చూసి నువ్వే రాయి, కింద నా పేరు రెండోది పెట్టు.

తలుపు కొట్టేది నేనే. అన్నయ్యని పంపకు, నువ్వొచ్చి తియ్యి.